గ్రంథాలయ సంఘం వార్షిక నివేదిక 2025–26

గౌరవనీయ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు నమస్కారాలు. రాలేకపోయినవారి కోసం నివేదిక నకళ్లు బస్టాండు పక్క జిరాక్స్ సెంటరులో ఉంచాం.

వేసవి శిబిరం, బతుకమ్మ పాటల పోటీ, పదో తరగతి పిల్లలకు సాయంత్రపు చదువులు ఎప్పటిలాగే జరిగాయి. ఈసారి అసలు పనంతా కంప్యూటర్ గదిలో జరిగింది కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మన గదికి ఇంటర్నెట్ లేదు. కేబుల్ వీధి చివరి స్తంభం దాకా వచ్చి ఆగింది. సంబంధిత కార్యాలయంలో ఇచ్చిన ప్రతి దరఖాస్తుకూ మన దగ్గర రసీదు ఉంది, లైను మాత్రం లేదు. ఈలోగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. దాతలు ఇచ్చిన మన కంప్యూటర్లలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, విండోస్ 11కు అవి అర్హం కావు. అందుకని విండోస్ బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం, ఆగస్టులో విడుదలైన డెబియన్ 13 వేసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. ఒక్క కంప్యూటర్‌ను పాత విండోస్‌తోనే ఉంచాం. పాత మినిట్స్ అన్నీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, వాటిని ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చేవరకు అది అలాగే ఉంటుంది. దానికి బయటి పెన్‌డ్రైవ్ పెట్టరాదని గోడ మీద రాయించాం. అయినా పెడుతున్నారు.

నెట్ లేని కంప్యూటర్‌కు అప్‌డేట్ ఎందుకని గత సమావేశంలో ఒక సభ్యులు అడిగారు. నెట్ రాకపోయినా పెన్‌డ్రైవ్ వస్తుంది, దానితో వైరస్ వస్తుంది. ఊళ్లోని డిగ్రీ పిల్లలు తెచ్చే కొత్త ఫైళ్లు పాత ఆఫీస్ ప్రోగ్రాంలో సరిగా తెరుచుకోవు. ఈ రెండు కారణాలు చాలు.

పని జరిగే తీరు ఇదీ. ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే ప్రోగ్రాం మన కంప్యూటర్‌కు ఏమేం కావాలో ఒక చిన్న ఫైలులో రాసి ఇస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో హనుమకొండకు తీసుకెళ్లి, నెట్ ఉన్న చోట అదే ప్రోగ్రాంతో దింపుకొని, తిరిగి వచ్చి ఇక్కడ ఎక్కించాలి. ఒక్క విడతలో తెమలదు. మొదటి విడతలో ప్యాకేజీల, అంటే ప్రోగ్రాంలు ఉండే ఫైళ్ల, తాజా జాబితాలే వస్తాయి. అవి ఎక్కాకే ఏవి పాతబడ్డాయో కంప్యూటర్‌కు తెలుస్తుంది, అసలు ప్యాకేజీల కోసం మళ్లీ బస్సెక్కాలి. ‘పోయిన వారమే వెళ్లారు కదా’ అని బస్సు చార్జీల రసీదులను ప్రశ్నించినవారు ఈ సంగతి గమనించగలరు.

మధ్యలో ఒక కంప్యూటర్ మొండికేసింది. తెచ్చిన జాబితాలు ‘ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అంటూ తిరస్కరించింది. చూస్తే దాని గడియారం ఎన్నో ఏళ్లు వెనక ఉంది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. నెట్ ఉన్న కంప్యూటర్ తేదీని తానే సరిచూసుకుంటుంది, మనదానికి చెప్పే దిక్కు లేదు. జాబితాల మీద డెబియన్ వారి సంతకంతో పాటు తేదీ కూడా ఉంటుంది, తన గడియారంలో ఇంకా రాని తేదీని కంప్యూటర్ నమ్మదు. గడియారాల దుకాణం ఆయన బ్యాటరీ మార్చి డబ్బులు తీసుకోలేదు.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోవలసింది నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగిన గ్రంథాలయ వారోత్సవాలు. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకొని కివిక్స్ ప్రోగ్రాంతో నెట్ లేకుండానే చదువుకోవచ్చు. మన దగ్గరున్న ఫైలు 2020 నాటిది. దాన్నీ కొత్త ఫైలునూ పక్కపక్క కంప్యూటర్లలో తెరిచి, తేడాలు పట్టమని పిల్లలకు పోటీ పెట్టాం. పాతదానిలో రామప్పకు యునెస్కో గుర్తింపు ఊసే లేదు, అది 2021 జులైలో వచ్చింది మరి. వరంగల్ అర్బన్ జిల్లా పాతదానిలో ఉంది, కొత్తదానిలో హనుమకొండ జిల్లా అయింది. ‘సార్, మన పాఠ్యపుస్తకాన్ని కూడా ఇలా అప్‌డేట్ చేయొచ్చా?’ అని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగితే ప్రధానోపాధ్యాయులు సహా అందరూ నవ్వారు. పక్క ఊరి యువజన సంఘం వారు వచ్చి పద్ధతి రాసుకొని వెళ్లారు. ఆహ్వానించిన అధికారులు మాత్రం రాలేదు, వారి కోసం వేసిన కుర్చీల్లో పిల్లలు కూర్చున్నారు.

గది కరెంటు బిల్లు భరించిన దాతకు, నెట్ వాడుకోనిచ్చిన హనుమకొండ మిత్రులకు, పెన్‌డ్రైవ్‌ను జాగ్రత్తగా చేరవేసిన ఆర్టీసీ కండక్టరు గారికి, తాళం చెవుల బాధ్యత మోసిన వాచ్‌మన్‌కు, టీ అందించిన మహిళా సంఘం అక్కలకు కృతజ్ఞతలు. ఆప్ట్-ఆఫ్‌లైన్‌ను రాసిన డెబియన్ డెవలపర్ రితేశ్ రాజ్ సర్రాఫ్ గారికి మన ఊరు తెలియదు, అయినా ఆయనకూ ధన్యవాదాలు.

జమాఖర్చులను కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఆడిట్ పూర్తయింది. బస్సు చార్జీల పద్దు కింద కాస్త ఎక్కువైంది, కారణం పైన చెప్పాను.

స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేర్లకు కొదవ లేదు. ప్రారంభం రోజు ఫొటోలో నిలబడినవారిలో చాలామంది మళ్లీ గదిలో కనబడలేదు. మేడారం జాతర రోజుల్లో ఎవరూ దొరకరు, అది మనకు తెలిసిందే. జాతర ముగిసి గద్దెల దగ్గర దుకాణాలు ఎత్తేశాక కూడా రానివారి సంగతే అర్థం కాలేదు. డెబియన్ భద్రతా సవరణలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి, ఒకరిద్దరి మీద ఈ భారం వేయడం న్యాయం కాదు.

వచ్చే ఏడాదికి నెలవారీ వంతుల పట్టిక తయారు చేసి టేబుల్ మీద పెట్టాం. మొదటి మూడు నెలల గళ్లు ఖాళీగా ఉన్నాయి. భోజనాలకు లేచే ముందు పేర్లు రాయగలరు.

ఇట్లు,
కార్యదర్శి