24 బుష్‌లకు బిల్లు, వేసినవి 12 కాయిల్‌లు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 1976 పోర్షె 911ఎస్ (2.7 లీటర్లు) క్రాంక్‌కేస్‌లో హెడ్ స్టడ్‌ల మర పనిలో లోపాలు

అయ్యా,

మెగ్నీషియం క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ ప్రధాన పెట్టె) సిలిండర్ హెడ్లను పట్టి ఉంచే స్టడ్‌ల (పొడవాటి మర కడ్డీల) 24 రంధ్రాలకూ గట్టి స్టీల్ బుష్‌లు (లోపల మర ఉన్న గొట్టపు ముక్కలు) దించి, స్టీల్ స్టడ్‌లు బిగించి ఇవ్వాలని మీకు పని ఒప్పజెప్పాం. బిల్లులో కూడా అలాగే రాశారు. ఇంజిన్ కూర్చేటప్పుడు 3వ సిలిండర్ ఎగ్జాస్ట్ వైపు నట్టు 32 న్యూటన్ మీటర్లకు చేరలేదు. టార్క్ రెంచ్ ముల్లు 20 దగ్గరే నిలబడిపోయింది, నట్టు మాత్రం తిరుగుతూనే ఉంది. హెడ్ తీసి స్టడ్‌ను చేత్తో లాగితే ఊడి వచ్చింది. దాని మరకు సన్నటి వైరు స్ప్రింగులా చుట్టుకుని ఉంది, ఆ చుట్ల సందుల్లో బూడిదరంగు మెగ్నీషియం పొట్టు.

అంటే అది బుష్ కాదు, వైరు కాయిల్. మిగతావన్నీ విప్పి చూశాం. కింది వరస పన్నెండింటికీ కాయిల్‌లే. పై వరస పన్నెండింటిని అసలు ముట్టుకోలేదు, పాత మరలోనే స్టడ్‌లు తిప్పేశారు.

"కాయిల్ కూడా సరిపోతుంది" అని ఫోన్‌లో మీవాళ్లు అన్నారు. ఈ ఇంజిన్‌కు సరిపోదు. వేడెక్కితే స్టీల్ సాగేది అల్యూమినియం సాగేదాంట్లో దాదాపు సగమే. అల్యూమినియం హెడ్లు, సిలిండర్లు పెరుగుతాయి, స్టడ్ అంత పెరగదు. చల్లగా ఉన్నప్పుడు బిగించిన బిగువు వేడిలో ఇంకా ఎక్కువై, అదే వేడికి మెత్తబడిన మెగ్నీషియం మరను పైకి లాగేస్తుంది. ఈ కారుకు పొగలో మిగిలిన ఇంధనాన్ని కాల్చే థర్మల్ రియాక్టర్లు కూడా ఉన్నాయి, హెడ్ల కిందే కుంపటి పెట్టినట్టు. కాయిల్ స్టడ్ కంటే కాస్తే లావు. బుష్ అయితే ఇంకా వెడల్పుగా కొత్త లోహాన్ని పట్టుకుంటుంది. పై వరసను వదిలేస్తే తర్వాత ఊడేవి అవే.

స్టడ్‌ల సంగతి వేరే. స్టీల్ అని అమ్మినవాటిలో ఎనిమిదింటికి అయస్కాంతం అంటుకోలేదు. అవి డిలవార్ అనే మిశ్రలోహపు స్టడ్‌లు. తడి, ఉప్పు తగిలి పగుళ్లు పట్టి, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వైపు, చెప్పాపెట్టకుండా విరిగేవి అవే. పైగా 4వ సిలిండర్ దగ్గర రెండు స్టడ్‌లు పక్కకు వాలాయి, బ్యారెల్ (సిలిండర్ గొట్టం) రాసుకుంటూ దిగుతోంది. మిల్లింగ్ మిషన్ మీద కాకుండా చేతి డ్రిల్లుతో తొలిస్తే ఇలాగే అవుతుంది. ఆయిల్ దారుల్లో రజను కూడా మిగిలింది.

కేస్‌ను మీ ఖర్చుతో తెప్పించుకుని, రెండు సగాలనూ బిగించి మిల్లింగ్ మిషన్ మీదే 24 రంధ్రాలకూ బుష్‌లు దించాలి. అన్నీ స్టీల్ స్టడ్‌లే ఇవ్వాలి. ఆయిల్ దారుల ప్లగ్‌లు తీసి కడగాలి. లేదా 15 రోజుల్లో బిల్లు మొత్తం, మళ్లీ విప్పిన కూలీ, గాస్కెట్ల ఖరీదు తిరిగి ఇవ్వాలి.

ఊడిన స్టడ్‌ను కాయిల్‌తో సహా డబ్బాలో పెట్టి పంపుతున్నాం. డిలవార్ స్టడ్ ఒకటి, అయస్కాంతం ముక్క కూడా అందులోనే ఉన్నాయి.

ఇట్లు,
కారు యజమాని, మెకానిక్