ఇకపై పెన్ను ధర వేరు, పాళీ పని ధర వేరు

ఈ నెల నుంచి మా దగ్గర చైనా ఫౌంటెన్ పెన్నులకు రెండు ధరలు ఉంటాయి. డబ్బాలో వచ్చినట్టే చాలనుకుంటే ఒక ధర. పాళీ భూతద్దంలో చూసి, సరిచేసి, సిరా పోసి రాసి చూశాక పంపమంటే దాని మీద ఇంకో 180 రూపాయలు. ఇన్నాళ్లూ రెండూ కలిపి ఒకే ధర తీసుకుంటున్నాం కాబట్టి అందులో పెన్నుకెంత, చేతిపనికెంత అన్నది మీకు తెలిసేది కాదు. చైనా కంపెనీ జిన్‌హావ్ చేసే ఎక్స్‌450 లాంటివాటిలో పెన్ను చవక, దాంతో కూర్చునే సమయమే ఖరీదు. ఆ పనిలో చాలా భాగం ఇంట్లో మీరే చేసుకోవచ్చు. ఎలాగో కింద రాశాం. చదివాక కూడా మాకే అప్పగిస్తే సంతోషమే.

ముందు ధరల గురించి. 2020 నవంబరులో కేంద్రం నిషేధించిన యాప్‌ల జాబితాలో చైనా షాపింగ్ యాప్ అలీఎక్స్‌ప్రెస్ కూడా చేరింది. అప్పటి నుంచి ఒకటీ అరా పెన్ను నేరుగా తెప్పించుకోవడం మనవాళ్లకు కష్టమైంది. మేము టోకున తెప్పిస్తాం. సరుకు విలువ మీద కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ (దిగుమతి మీద కట్టే జీఎస్‌టీ), రవాణా ఖర్చు పడతాయి. కాబట్టి చైనా వెబ్‌సైటు ధరను రూపాయల్లోకి మార్చి బేరం ఆడితే మేము ఇవ్వలేం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు చైనా సరుకుకు 2025 మే 2న పోయింది, మిగతా దేశాల సరుకుకు ఆగస్టు 29న పోయింది. మేము ఇక్కడి నుంచి పంపినా సుంకం లెక్కలో చూసేది పెన్ను ఎక్కడ తయారైందన్నదే. అందుకని అమెరికాకు పార్శిళ్లు ఆపేశాం. ఇక్కడున్న మీ వాళ్ల చిరునామా ఇస్తే అక్కడికి పంపుతాం, వచ్చినప్పుడు తీసుకెళ్లండి.

ఎక్కువమంది అడిగే ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే: పాళీ మీద ‘18కేజీపీ’ అని చెక్కి ఉంటే అది బంగారు పాళీ కాదు. స్టీలు పాళీ మీద బంగారు పూత. ఆ పూత వల్ల రాతలో ఏ తేడా రాదు. ఇంకో 100 రూపాయలు ఇచ్చి రెండు రంగుల పాళీ కొనుక్కోవద్దనే మా సలహా. చూడ్డానికి నచ్చితే వేరే సంగతి.

కొత్త పెన్ను రాగానే కడగండి. దాదాపు మాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క పనితో తీరిపోయేవే. పాళీ కింద ఆనుకుని దానికి సిరా అందించే ముక్కను ఫీడ్ అంటారు. తయారీలో వాడిన నూనె ఆ ఫీడ్ గాడిలో మిగిలి ఉంటుంది. సిరాలో ఉండేది ఎక్కువగా నీరే కదా, ఆ నూనె దాన్ని పారనివ్వదు. పేజీ మధ్యలో గీత సన్నబడి ఆగిపోతుంది. గ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, కన్వర్టర్‌తో (పెన్ను లోపల సిరా లాగి నిలిపే చిన్న గొట్టం) ఏడెనిమిది సార్లు లాగి వదలండి. తర్వాత నురగ పోయేదాకా మంచినీళ్లతో చేయండి. బోరు నీళ్లు వద్దు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక ఆ తెల్లపొర ఫీడ్ గాడిలో పేరుకుంటుంది. ఆర్‌ఓ నీళ్లు చాలు. వేడినీళ్లు, స్పిరిటు, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం ముట్టుకోవద్దు. స్పిరిటు తగిలితే పారదర్శక ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు వస్తాయి, రిమూవర్‌లో ఎసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగిపోతుంది.

కడిగాక కూడా గీరుకుంటూ రాస్తే గరుకు కాగితం వెతక్కండి. ముందు పది రెట్ల భూతద్దం తీసుకుని పాళీ కొసను ఎదురుగా పెట్టి చూడండి. మధ్య చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఇంచుక పైకి ఉంటే, ఒకవైపు గీతలు నున్నగా, ఇంకోవైపు గీతలు గీరుకుంటూ వస్తాయి. కుడివైపు లాగితే బాగుండి ఎడమవైపు లాగితే గీరిందంటే కారణం ఇదే అనుకోవచ్చు. కిందికి ఉన్న రెక్క కింద గోరు పెట్టి పైకి కొద్దిగా ఎత్తి నాలుగైదు సెకన్లు ఆగండి, మళ్లీ చూడండి. ఒకేసారి గట్టిగా ఎత్తితే రెక్క వంగి అలాగే ఉండిపోతుంది. అంతకంటే ముందు ఫీడ్ పాళీకి సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఫీడ్ పక్కకు జరిగి ఒక రెక్కను ఎత్తుతూ ఉంటుంది, అప్పుడు పాళీని ఎంత వంచినా మళ్లీ అక్కడికే వస్తుంది.

ఇక సిరా పారుదల. పాళీని దీపానికి ఎదురుగా పట్టుకుంటే చీలికలోంచి వెలుతురు కనబడాలి. పాళీ మధ్యలోని గుండ్రని రంధ్రం దగ్గర వెడల్పుగా మొదలై కొస దగ్గర దాదాపు లేనట్టుగా ముగియాలి. అసలు వెలుతురే లేకపోతే గీత పొడిగా వస్తుంది. 0.05 మిల్లీమీటర్ల ఇత్తడి రేకును రంధ్రం వైపు నుంచి చీలికలో పెట్టి కొస దాకా మెల్లగా లాగండి, రెండు మూడుసార్లు చాలు. బ్లేడు వాడొద్దు. అది దీనికి రెట్టింపు మందం, పైగా గట్టి స్టీలు కావడంతో చీలిక లోపలి అంచులను గీస్తుంది.

దీనికి వ్యతిరేకమైన లోపం కూడా ఉంది, జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. కొస దగ్గర చీలిక వెడల్పుగా తెరుచుకుని ఉంటే సిరా ఎక్కువ రావాలని అనిపిస్తుంది కానీ అలా జరగదు. సిరా ఇరుకు ఉన్నవైపే పాకుతుంది కాబట్టి కొస దాకా రాకుండా రంధ్రం దగ్గరే ఆగిపోతుంది. గట్టిగా నొక్కి రాసే పిల్లల పెన్నుల్లో ఎక్కువగా చూసేది ఇదే. రెక్కలను దగ్గరికి తేవాలంటే ఒక రెక్కను ఇంకో దాని కిందికి కొద్దిగా వెళ్లేలా నొక్కి, తర్వాత వదిలి, ఈసారి రెండోవైపు నుంచి చేయాలి. భూతద్దం లేకుండా ఇది చేయొద్దు.

నున్నన చేయడం చివరి పని. రెక్కలు సరిగ్గా ఉండి, సిరా బాగా పారుతూ, అయినా గీరుకుంటుంటేనే ఇక్కడికి రండి. 12000 గ్రిట్ మైక్రోమెష్ (మెరుగు పెట్టడానికి వాడే చాలా సన్నని గరుకు పట్టీ) మీద, పాళీలో సిరా ఉండగానే, మీరు రాసే కోణంలోనే పట్టి, పెన్ను బరువు తప్ప ఇంకేమీ నొక్కకుండా ఇంగ్లిష్ 8 అంకెను ఐదారుసార్లు గీయండి. రాసి చూడండి. ఇంకా కావాలంటే మళ్లీ ఐదారు. గంటసేపు రుద్దితే ఏమవుతుందో తెలుసు కదా: చీలిక లోపలి అంచులు గుండ్రమై, కొసలో చిన్న గుంట ఏర్పడి, సిరా కాగితాన్ని తాకదు. చేతికి మెత్తగా ఉంటుంది, కానీ ప్రతి మాట మొదటి గీత ఎగిరిపోతుంది. అలా అయిన పాళీని మళ్లీ అరగదీసి చదును చేయాలి, కొసనున్న గట్టి లోహం పోతే అదీ కుదరదు. అందుకే ఇంట్లో అతిగా రుద్దిన పాళీలను ఇకపై బాగుచేయం, కొత్తది వేసి ఇస్తాం.

పాళీ మార్చుకోవాలనుకునేవారికి జిన్‌హావ్ ఎక్స్‌450, ఎక్స్‌750, 159 మంచివి. వీటిలో 6 నంబరు పాళీ ఉంటుంది, లోపల మర ఉండదు, బిగుతు మీదే ఉంటుంది. రబ్బరు ముక్కతో పాళీనీ ఫీడ్‌నూ కలిపి పట్టుకుని నేరుగా లాగండి. తిప్పితే ఫీడ్ రెక్కలు విరుగుతాయి. జర్మనీ కంపెనీ జోవో 6 నంబరు గానీ, మన కాన్పూరు కాన్‌రైట్ 35 మిల్లీమీటర్ల పాళీ గానీ పడుతుంది. పెట్టాక మూత వేసే ముందు పాత పాళీ ఎంత బయటికి ఉండేదో ఈ పాళీ కూడా అంతే ఉందా చూడండి. 2 మిల్లీమీటర్లు బయటికి ఉన్నా లోపలి మూత (మూత లోపల ఉండే ఇంకో చిన్న మూత) తగిలి కొస వంగిపోతుంది. చైనా పెన్ను వింగ్‌సంగ్ 698లో జపాన్ కంపెనీ పైలట్ చేసే మెట్రోపాలిటన్ పెన్ను పాళీ పడుతుంది. పిస్టన్ పెన్నుకు (వెనక తిప్పితే సిరా నేరుగా బ్యారెల్‌లోకి లాగే పెన్ను) అది మాకు బాగా నచ్చే కలయిక. ఎక్స్‌159 కొనేవారు మాత్రం గుర్తుంచుకోండి, దానిది 8 నంబరు పాళీ, బదులు దొరకడం కష్టం. లోహపు 159 కంటే చేతికి చాలా తేలిక కాబట్టి ఎక్కువ రాసేవారికి అదే ఇస్తున్నాం, కానీ పాళీ మార్పు కోసం దాన్ని కొనకండి.

రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నుల్లో చైనా పాళీ వేయమని పంపేవారికి: పాళీ వంపు, ఫీడ్ వంపు ఒకటి కావు. ఎబొనైట్ ఫీడ్‌ను వేడినీళ్లలో మెత్తబరిచి పాళీకి ఆనించి నొక్కితే కుదురుతుంది. చైనా ప్లాస్టిక్ ఫీడ్‌కు అదే చేస్తే వంకర పోతుంది. పెన్ను మొత్తం పంపండి, పాళీ ఒక్కటే పంపితే చేయలేం.

ఇక మానేసిన పనులు. లోహపు బ్యారెల్ ఉన్న ఏ పెన్నునూ, కన్వర్టర్ లేకుండా బ్యారెల్‌లోకే నేరుగా సిరా పోసే పెన్నుగా మార్చం. లోపల ఇత్తడి, దాని మీద సిరా నిలిస్తే ఆకుపచ్చ చిలుము పడుతుంది. చైనా కంపెనీ మూన్‌మ్యాన్ చేసే సీ1, ఎమ్2 వంటివి ఆ పనికే చేసినవి, అవి తీసుకోండి. వాటి బ్యారెల్ బిగించే మర చుట్లకు, ఓ-రింగ్‌కు (సిరా కారకుండా ఉండే రబ్బరు రింగు) సిలికాన్ గ్రీజు బియ్యపుగింజలో సగమంత రాయండి. వాజలీన్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. వేసవిలో ఈ పెన్నులతో జాగ్రత్త: సిరా మూడో వంతుకు దిగాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి చుక్కలు కక్కుతుంది. విజయవాడ ఎండల్లో అయితే జేబులోనే కక్కొచ్చు. సగం అవగానే నింపుకోండి, లేదా ఏప్రిల్, మే నెలల్లో కన్వర్టర్ వాడండి.

పాళీ భుజాలు అరగదీసి సాగే పాళీగా (నొక్కితే రెక్కలు విడి గీత లావయ్యే పాళీ) మార్చమనే ఆర్డర్లు కూడా తీసుకోం. మామూలు స్టీలు పాళీ సాగినట్టే సాగి, ఒకరోజు తిరిగి మూసుకోదు. ఇలాంటి పాళీ చూసి నచ్చి అడుగుతున్నారని తెలుసు, అయినా డబ్బు తీసుకోవడానికి మనసొప్పదు.

రాత్రి బాగా రాసి, ఉదయానికి ఎండిపోయే పెన్నులు మాకు పంపే ముందు ఒక పరీక్ష చేయండి. కడిగిన మూతను పెదవులకు ఆనించి గాలి పీల్చండి. గాలి లోపలికి వస్తుంటే లోపలి మూత వదులైంది, పాళీలో లోపం లేదు. కొన్ని మోడళ్లలో పిల్లలు మింగినా ఊపిరాడేలా కావాలనే రంధ్రం పెడతారు, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

మరమ్మతుకు పంపేటప్పుడు సిరా ఖాళీ చేసి, కడిగి, ఆరాక, కన్వర్టర్ విడిగా ఒక కవరులో పెట్టి పంపండి. మీరు వాడే సిరా పేరు, రాసే చేయి కుడా ఎడమా, కాగితం ఏమిటో ఒక చీటీ మీద అదే పెన్నుతో రాసి పెట్టండి. ఆ చేతిరాత చూస్తే ఎంత నొక్కుతారో, పెన్నును ఎంత వాల్చి పడతారో తెలుస్తుంది. సరిచేశాక ఆ చీటీ వెనకే రాసి చూసి తిరిగి పంపుతాం. ప్రస్తుతం వచ్చిన వరుసలోనే చేస్తున్నాం, పది పని దినాలు పడుతోంది.