సిరిమాను సీజన్ మొదలవుతోంది: మా షాపులో పని ఎలా నడుస్తుందో చెబుతాను

మా కస్టమర్లందరికీ నమస్కారం.

దసరా దగ్గరపడుతోంది. విజయనగరంలో డిజైనింగ్, ప్రింటింగ్ షాపు పెట్టుకున్నవాడికి దసరా అంటే పైడితల్లమ్మ పండగే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను, అంటే చివర పూజారి కూర్చునే పొడవాటి మాను, ఊళ్లో తిరుగుతుంది, ముందురోజు సోమవారం తొలేళ్ల ఉత్సవం. పెళ్లికార్డు ఒకరోజు ఆలస్యమైతే పెళ్లివారు తిట్టుకుంటూనైనా తీసుకెళ్తారు. అమ్మవారి పండక్కి స్వాగతం చెప్పే బ్యానరు బుధవారం చేతిలో పెడితే ఎక్కడ కడతారు? అందుకే రద్దీ మొదలవకముందే, లోపల పని ఎలా సాగుతుందో, మీ నుంచి మాకేం కావాలో దాచకుండా చెబుతున్నాను.

"ఒక్క డిజైనే కదా బాబూ, అరగంట పని" అంటారు చాలామంది. మేటర్, అంటే అచ్చు వేయాల్సిన పేర్లూ రాతలూ ఫొటోలూ, చేతిలో ఉంటే నిజమే, అరగంట పనే. కానీ మేటర్ అలా రాదు. ఒక సంఘం వాళ్ల బ్యానరు చూడండి. పేర్లు వాట్సాప్‌లో సగం, కాగితం మీద సగం. ఒకాయన ఫొటో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి తీయాలి, ఇంకొకాయనది ఆధార్ కార్డులోంచి. ఎవరి బొమ్మ పెద్దదిగా ఉండాలో సంఘంలోనే ఇంకా తేలదు. ఇదంతా ఒక్కడే పట్టుకుంటే తెల్లారిపోతుంది. మా దగ్గర ఒక కుర్రాడు ఫొటోల వెనకున్న గోడలూ కిటికీలూ కత్తిరిస్తుంటే, టైపింగ్ చూసే అమ్మాయి పేర్లు, హోదాలు కొడుతుంది. మెషిన్ దగ్గర ఉన్నాయన సైజు చూసుకుని రోల్ ఎక్కిస్తాడు. ఫోన్లన్నీ నావి. డిజైన్ చేసేవాడి చేతికి ఫోన్ ఇవ్వకపోవడం, నేను పెట్టిన రూల్స్ అన్నింటిలోకీ బాగా పనికొచ్చిన రూలు. "ఏటి, ఇంకా అవ్వలేదా?" అనే మాట నేను పడతాను, వాడు పని చేసుకుంటాడు.

తెలుగు టైపింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టైమంతా తినేది అదే. మీరు ఫోన్‌లో కొట్టి పంపేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి. మేం కార్డులకీ బ్యానర్లకీ వాడే అను ఫాంట్లు అంతకుముందు కాలం నాటివి, వాటి లెక్క వేరు. మీ మేటర్‌ని నేరుగా అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి మార్చాలి. మార్చాక కూడా ఒత్తులు ఎక్కడైనా తారుమారు అయ్యాయేమో అక్షరం అక్షరం చూడాలి. ఈమధ్య కొంతమంది ఏఐతో బొమ్మ చేయించి "ఇదే వేసేయండి" అని పంపుతున్నారు. చూడటానికి భలే ఉంటాయి, కాదనను. దాని మీద రాతలు దూరం నుంచి తెలుగులా కనిపిస్తాయి, దగ్గరకెళ్లి చదవబోతే చాలాసార్లు ఏ భాషా కాదు. బొమ్మ వరకు తీసుకుని అక్షరాలు మళ్లీ మేమే కొట్టాలి.

టైపు చేసినవాళ్లకి వాళ్ల తప్పు కంటికి ఆనదు. అందుకని సాయంత్రం పూట రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన వస్తారు. మీరిచ్చిన కాగితం పట్టుకుని అమ్మాయి పైకి చదువుతుంది, మాస్టారు ప్రింటు మీద ఎర్ర పెన్ను ఆనించి ఒక్కో మాటా దాటుతుంటారు. ఇంటిపేరు చివర "రు"నా, "రి"నా? గోత్రం సరిగ్గా పడిందా? అన్నింటికంటే ముందు ముహూర్తం. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రాత్రి 2.15కి ముహూర్తం అంటే పంతులుగారు సోమవారం రాత్రి అని రాస్తారు, క్యాలెండర్ ప్రకారం అప్పటికి మంగళవారం వచ్చేసింది. "తెల్లవారితే మంగళవారం" అన్న మాట కార్డులో లేకపోతే చుట్టాలు సగం మంది మర్నాడు దిగుతారు. అందుకే మాస్టారు ప్రతి శుభలేఖనీ గోడ క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తారు. ఆయన సంతకం పడనిదే ఏదీ ప్రింటింగ్‌కి వెళ్లదు, నేను చెప్పినా వెళ్లదు.

గడువు అంటే మేం వెనక నుంచి లెక్కేసుకుంటాం. మల్టీకలర్ ఆఫ్‌సెట్ కార్డులు మా దగ్గర కొట్టం, విశాఖలో ప్రెస్‌కి పంపుతాం. నాలుగు రంగులకి నాలుగు అచ్చు ప్లేట్లు చేయాలి. ప్రింటయ్యాక ఇంకు ఆరాలి. ఆరకముందే దొంతర పెట్టి కోస్తే ఒక కార్డు రంగు ఇంకో కార్డు వీపుకి అంటుకుంటుంది. వానాకాలంలో ఇంకాస్త ఆలస్యం. ఇవేవీ మనుషులు తొందరపెడితే తగ్గేవి కావు. మధ్యలో తగ్గించగలిగింది ఒక్కటే, మీరు "ఓకే" చెప్పడానికి పట్టే టైము. ఒక్కో ఇంట్లో ప్రూఫ్, అంటే ప్రింటుకి ముందు చూసుకోవడానికి మేం పంపే నమూనా, ఫ్యామిలీ గ్రూపులో పడుతుంది. నాన్నగారు వినాయకుడు పెద్దగా ఉండాలంటారు, మేనమామగారు తన పేరు పైకి రావాలంటారు, పెళ్లికూతురికి ఆ రంగే నచ్చదు. పది మంది గరిట పెట్టిన పులుసు ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మీలో మీరు మాట్లాడుకోండి, ఎన్ని మార్పులైనా అనుకోండి, మాకు మాత్రం ఒక్కరే ఫోన్ చేయండి.

రంగు గురించి కూడా ఒక మాట. ఫోన్ తెర వెలుగుతో చూపించే ఆకుపచ్చ, కాగితం మీద ఇంకుతో ఎప్పుడూ అంత మెరవదు. అది ప్రింటింగ్ లోపం కాదు. అనుమానం ఉంటే షాపుకి వచ్చి పాత శాంపిల్స్ పట్టుకుని చూడండి.

మాలో మాకు కూడా కొన్ని మార్చాం. టైపింగ్ అమ్మాయి నెల్లిమర్ల నుంచి వస్తుంది, చీకటి పడకముందే బస్సెక్కాలి. డిజైన్ కుర్రాడు మధ్యాహ్నం వచ్చి రాత్రి వరకు ఉంటాడు. ఇద్దరూ కలిసి ఉండేది కాసేపే కాబట్టి, ఏ పని ఎంతవరకు వచ్చిందో ఒక నోట్‌బుక్‌లో రాసి వెళ్తున్నారు. కంప్యూటర్‌లో "ఫైనల్", "కొత్త ఫైనల్", "ఇదే ఫైనల్" అనే ఫైళ్ల కాలం పోయింది. ఇప్పుడు తేదీ, ఎన్నో కరెక్షనో రాస్తేనే సేవ్ చేస్తున్నాం.

ఇక డబ్బు విషయం. అర్జెంట్ ఛార్జీ ఎందుకని అడుగుతున్నారు. ఆ డబ్బు ఆ రాత్రి ఆగి పనిచేసినవాళ్లకే ఇస్తున్నాను, షాపు గల్లాలో వేయడం లేదు. రెండు కరెక్షన్ల వరకు ఏమీ తీసుకోం. మూడో దాని నుంచి తీసుకుంటాం, దగ్గర చుట్టాలైనా సరే. మరీ ఆఖర్లో వచ్చిన పని అయితే కాదనే చెబుతున్నాం. ఒప్పుకుని తిప్పించడం కంటే అదే నయం అనిపించింది. కోపం తెచ్చుకోకండి, ఊళ్లో వేరే షాపులున్నాయి, వాళ్లూ బాగానే చేస్తారు.

పండగ బ్యానర్లు ఆదివారం సాయంత్రానికే కట్టేయాలి, తొలేళ్ల రోజు ఊరి మధ్యలో గంటస్తంభం, మూడులాంతర్ల వైపు కాలు పెట్టే సందుండదు. కాబట్టి మేటర్ విజయదశమికి ముందే మాకు అందాలి. కార్తీకంలో పెళ్లిళ్లున్నవాళ్లు కార్డు మోడల్ ఇప్పుడే ఎంచుకుని వెళ్లండి, ముహూర్తం ఖాయమయ్యాక మేటర్ ఇవ్వొచ్చు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు తగ్గిపోయి బ్యానరు మీద మొహాలు మసకగా వస్తాయి. పంపడం తెలియకపోతే ఫోన్ పట్టుకుని షాపుకి వచ్చేయండి, కేబుల్ పెట్టి మేమే తీసుకుంటాం.