ఇంజన్ తళతళలాడింది సరే, ఆ పొడి సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, పాత కారు బానెట్ ఎత్తి, జిడ్డు పట్టి నల్లబడ్డ అల్యూమినియం భాగాలని అద్దంలా మెరిపించే వీడియోలే. యాంగిల్ గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం ముక్కలు అతికించిన చక్రం) బిగించి, కాళ్లకి హవాయి చెప్పులతో, కళ్లకి అద్దాలు కూడా లేకుండా, వెనకాల ఓ హుషారు పాట పెట్టి, పనంతా నిమిషంలో అయిపోయినట్టు చూపిస్తారు. చూసిన కుర్రాళ్లు ఊరుకుంటారా, ఆదివారం పొద్దున్నే మేడ మీద గ్రైండర్ మోత మొదలు. మీ పత్రికలో వాహనాల పేజీ వస్తుంది గానీ కొత్త కారు ధరెంత, మైలేజీ ఎంత, సన్‌రూఫ్ ఉందా లేదా, అంతవరకే. ఇంట్లో చేసుకునే ఇలాంటి పనుల గురించి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. ఉత్తరం కొంచెం పొడుగైంది, ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి, రుద్దినప్పుడు రాలే పొడి గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

ముందే చెప్తున్నా, ఈ పని చేయొద్దని కాదు. నాకూ ఇది ఇష్టమైన పనే. మా విశాఖలో సముద్రపు గాలికి అల్యూమినియం మీద తెల్లటి పూత లేస్తుంది, దాన్ని గోకితే కింద సన్నటి గుంటలు కనిపిస్తాయి. దాన్ని శుభ్రం చేసి పైన మైనం పట్టిస్తే చూడ్డానికి బాగుండటమే కాదు, ఎక్కడ ఆయిల్ కారుతుందో కూడా ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు ఖర్చు కూడా పెద్దగా లేదు. రకరకాల నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), ఓ బకెట్టు నీళ్లు, పాత బనియన్ గుడ్డలు, ఒక ట్యూబు మెటల్ పాలిష్ ఉంటే చాలు. ఓపిక మాత్రం చాలా కావాలి.

అసలు మొదలుపెట్టే ముందు ఓ అయస్కాంతం పెట్టి చూడండి. చాలా పాత కార్ల ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైన ఉండే మూత) అల్యూమినియం కాదు, ఒత్తిన ఇనప రేకు. కొత్త కార్లలో అయితే ట్యాపెట్ కవరు, ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజన్లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) ప్లాస్టిక్‌వే ఎక్కువ. అల్యూమినియమే అని తేలాక ఆ భాగం ఊడదీసి (ఇంజన్ మీద ఉండగానే రుద్దడం ఎందుకు తప్పో కింద చెప్తాను) డీజిల్‌తో జిడ్డు వదిలించి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగాలి. జిడ్డు తొందరగా పోతుందని కొందరు పైపుల్లో పోసే కాస్టిక్ సోడా గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ పోస్తారు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, బుసబుసమని హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, భాగం నల్లబడుతుంది. జిడ్డుకి డీజిలు, సబ్బునీళ్లు చాలు.

రుద్దడంలో పెద్ద రహస్యమేమీ లేదు. కాగితం నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. గుంటలుంటే 120 నంబరుతో, లేకపోతే 220తోనో 320తోనో మొదలుపెట్టి 400, 600, 800, 1000, 1500, 2000 దాకా వెళ్లడమే. 400 నుంచి నీళ్లలో రెండు చుక్కలు సబ్బు వేసుకుని తడిగా రుద్దాలి. అల్యూమినియం మెత్తటి లోహం, పొడిగా రుద్దితే కాగితం గరుకులో ఇరుక్కుపోయి అది మళ్లీ గీతలు పెడుతుంది. నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు కూడా మార్చాలి, ముందటి గీతలు పూర్తిగా పోయాయో లేదో అప్పుడు తెలుస్తుంది. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ఎక్కడో లోతుగా మిగిలిపోయిన గీత చివర్లో పాలిష్ పెట్టాక బయటపడుతుంది, అప్పుడు ఏడుస్తూ వెనక్కి వెళ్లాల్సిందే. ఇసక అచ్చులో పోసిన భాగాలైతే ఎంత రుద్దినా కొన్ని సన్నటి రంధ్రాలు ఉంటాయి, అవి పోతపోసినప్పటివి, వాటితో పోరాడకండి. నా మటుకు నాకు 800 దగ్గర ఆపేసిన మసక మెరుపే ఇష్టం. అద్దంలా మెరిసేది రెండు రోజులకే వేలిముద్రలు పట్టి, సముద్రం పక్కన ఉంటే కొద్దిరోజుల్లోనే మసకబారుతుంది. పైన క్లియర్ లక్కర్ (రంగులేని వార్నిష్) కొట్టమంటారు కొందరు, వేడి తగిలే చోట అది పెచ్చులు లేచి కిందకి ఉప్పు తేమ దూరితే ముందుకంటే దరిద్రంగా తయారవుతుంది. మైనమే నయం, అప్పుడప్పుడూ మళ్లీ రాసుకుంటే సరిపోతుంది.

ఇక అసలు విషయం, ఇంజన్ లోపలికి పోయే పొడి. ట్యాపెట్ కవర్ బయట ఎంతైనా రుద్దండి, ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా మధ్యలో పెట్టే పొర) కూర్చునే అంచుని మాత్రం ముట్టుకోవద్దు. సిలిండర్ హెడ్ (ఆ కవర్ కింద ఉండే ఇంజన్ పైభాగం) ముఖం అయితే మరీ జాగ్రత్త, చాలా ఇంజన్లలో దానికి ఉండొచ్చని చెప్పే వంపు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ దాకానే, చేత్తో పట్టుకున్న మెషిన్‌తో ఆ లెక్క తప్పడానికి క్షణం చాలు. పాత ప్యాకింగ్ గోకడానికి గరుకు డిస్కులు వాడేవాళ్లున్నారు. ఈ విషయంలో జనరల్ మోటార్స్ కంపెనీ తన మెకానిక్‌లకి సర్వీస్ బులెటినే ఇచ్చింది, అలాంటి డిస్కులు ఇంజన్ మీద వాడొద్దని. డిస్కులోంచి రాలే గరుకు ఆయిల్లో కలిసి బేరింగుల్ని అరగదీస్తుందని కారణం కూడా రాసింది. ఆ గరుకు అల్యూమినియం ఆక్సైడ్, చాలా గట్టిది. అందుకే ఇంజన్ మీద ఉండగా ఏదీ రుద్దొద్దనేది. ఊడదీసిన కవర్ లోపలి వైపు చాలా వాటికి ఆయిల్ చిందకుండా ఒక రేకు ఉంటుంది, దాని వెనక చేరిన గరుకు ఓసారి కడిగితే పోదు. రంధ్రాలన్నీ టేపు వేసి మూసి రుద్దడం, అయ్యాక వేడినీళ్లు, సబ్బుతో పలుమార్లు కడిగి ఆరబెట్టడం తప్ప వేరే దారి లేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపల కూడా నునుపు చేస్తే పవర్ పెరుగుతుందని రుద్దేవాళ్లకి ఒక మాట. కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలిలో కలిపే పాతకాలపు పరికరం) ఉన్న బండికి ఆ కొద్దిపాటి గరుకు ఉంటేనే పెట్రోల్ గోడకి అంటుకోకుండా గాలిలో కలుస్తుంది. ఎగ్జాస్ట్ వైపు, అంటే పొగ బయటికి పోయే దారిలో చేసుకుంటే చేసుకోండి.

ఇనుము రుద్దితే నిప్పురవ్వలు ఎగురుతాయి కాబట్టి మనకి భయం ఉంటుంది, దగ్గర్లో పెట్రోల్ డబ్బా ఉంటే తీసేస్తాం. అల్యూమినియం రుద్దితే రవ్వలు రావు. దాంతో ఇందులో ప్రమాదమేమీ లేదనుకుంటారు. కానీ దీపావళి చిచ్చుబుడ్డిలో అంత తెల్లగా మండేది అల్యూమినియం పొడే. ఇనుము అరగదీసిన గ్రైండర్ మీదే అల్యూమినియం పెడితే రెండు లోహాల పొడీ ఒకచోట చేరుతుంది. ఆ ఇనప పొడికి పట్టే తుప్పు, అల్యూమినియం పొడి కలిసి నిప్పు తగిలితే వచ్చే వేడితో రైలు పట్టాలనే అతుకుతారు. అదీకాక ఇనుముకి వాడే రాయికి అల్యూమినియం అంటుకుపోయి వేడెక్కితే రాయే పగిలి ముఖం మీదకి రావచ్చు. మేడ మీద ఒక కవరు చేత్తో తడిగా రుద్దితే ఇల్లేమీ పేలిపోదు, అంత భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మూసిన గదిలో మెషిన్‌తో గంటల తరబడి పొడిగా చేస్తేనే సమస్య. ఆ పొడిని ఇంట్లో వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు, కంప్రెసర్ గాలితో ఎగరగొట్టొద్దు, తడిగుడ్డతో తుడిచి తీసేయండి. తడి ముద్దని డబ్బాలో వేసి మూత బిగించి దాచొద్దు, నీళ్లతో కలిసిన సన్నటి అల్యూమినియం మెల్లగా హైడ్రోజన్ వదులుతుంది. ఒకవేళ పొడికి నిప్పంటుకుంటే నీళ్లు అస్సలు పోయకండి, పొడి ఇసక కప్పేయాలి. బఫింగ్ చక్రం (మెరుపు కోసం మెషిన్ మీద తిరిగే గుడ్డ చక్రం) వాడేవాళ్లు కళ్లద్దాలు, ఎన్95 మాస్కు పెట్టుకోండి, చేతికి గ్లౌజులు మాత్రం వద్దు, చక్రం గ్లౌజుతో పాటు వేలిని కూడా లాక్కుపోతుంది. లుంగీ, చున్నీ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఈ పొడి ఎంత పని చేయగలదో చెప్పడానికి చైనాలోని కున్షాన్ ఒక్కటి చాలు. 2014 ఆగస్టు 2న అక్కడ కారు చక్రాలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పేరుకుపోయిన లోహపు పొడి పేలి, ఆ రోజు పోయినవాళ్లు, తర్వాత ఆసుపత్రుల్లో పోయినవాళ్లు కలిపి 146 మంది చనిపోయారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో 2003 అక్టోబరులో అల్యూమినియం చక్రాలు పోసే ప్లాంట్‌లో ఇలాగే పొడి పేలి ఒక కార్మికుడు పోయాడు. ఆ రెండు చోట్లా తయారయ్యేది మనం మెరిసిపోవాలని ముచ్చటపడే చక్రాలే.

ఇంట్లో చేసుకునేవాడు నెలకో భాగం రుద్దుతాడు. వాడి కంటే నాకు టెన్షన్ పెట్టేది బఫింగ్ షెడ్లలో పనిచేసే కుర్రాళ్ల గురించి. బుల్లెట్ ఇంజన్ కవర్లు, అల్లాయ్ చక్రాలు, పెళ్లిళ్లకి గిన్నెలు, అన్నీ ఆ షెడ్డులోనే. మూతికి ఓ కర్చీఫ్ కట్టుకుని, గోడల మీద, ఫ్యాన్ రెక్కల మీద, కరెంటు బోర్డు మీద బూడిదరంగు పొడి పేరుకున్న గదిలో రోజంతా నిలబడతారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో పేలే స్వభావమున్న పొడి గురించి 37వ సెక్షన్ అని విడిగానే పెట్టారు. నలుగురైదుగురు పనిచేసే షెడ్డు ఆ చట్టం లెక్కలోకే వచ్చేది కాదు, కాబట్టి వచ్చి చూసేవాడే లేకపోయాడు. ఆ కుర్రాళ్లు తినే తిండిలో కూడా ఆ పొడి ఉంటుంది, అడిగితే ‘అలవాటైపోయిందన్నా’ అంటారు.

అందుకని మీకు రెండు విన్నపాలు. మీ వాహనాల పేజీలో నెలకోసారైనా ఇంటి పని గురించి అరపేజీ ఇవ్వండి, ఐటీఐలో పాఠాలు చెప్పే మాస్టార్లని అడిగితే సంతోషంగా రాస్తారు. రెండోది, గాజువాక ఆటోనగర్ అయినా, విజయవాడ ఆటోనగర్ అయినా, ఒక విలేకరిని బఫింగ్ షెడ్లకి పంపండి. పొడి లాగే గొట్టం ఉందా, ఉంటే ఎక్కడికి పోతోంది, గదిని ఎప్పుడు తుడుస్తున్నారు, కుర్రాళ్లకి ఊపిరితిత్తుల పరీక్ష ఎప్పుడైనా జరిగిందా అని అడిగి రాయమనండి. షెడ్డు ఓనర్లని దొంగల్లా చూపించాల్సిన పని లేదు, వాళ్లలో చాలామంది అదే చక్రం దగ్గర నిలబడి పైకొచ్చినవాళ్లే, వాళ్లూ అదే గాలి పీలుస్తున్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం