ఆ పచ్చటి కట్టెలో ఏముందో మాకు చెప్పించండి

రాష్ట్ర పర్యావరణ, అటవీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. మాది రేణిగుంట. మా ఇంట్లో ఇప్పటికీ స్నానాల నీళ్లు పెరట్లో కట్టెల పొయ్యి మీదే కాగుతాయి. పోయిన ఏడాది చిక్కుడు పందిరికి గుంజల కోసం పాత కలప అమ్మే అడితికి వెళ్లాను. లేత ఆకుపచ్చగా ఉన్నవి చూపించి, "మందు పట్టించిన కట్టె సార్, చెద ముట్టదు" అన్నాడాయన. ఏం మందని అడిగితే ఆయనకూ తెలీదు. కొనేశాను. మిగిలిన ముక్కల్ని అమ్మ కాగు కింద పెట్టింది. ఆ బూడిదతో ఇత్తడి చెంబులు తోమింది. పురుగు పట్టకుండా తోటకూర మడి మీద చల్లింది. మా పాప ఆ మడి పక్కనే మట్టిలో ఆడుకునేది.

కట్టెకు పట్టించే మందుల సంగతి తర్వాత తెలుసుకుని నిద్ర పట్టలేదు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఒకటుంది. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం గారు తయారు చేశారు. స్తంభాలు, కూలింగ్ టవర్ల కలప దానివల్లే ఏళ్ల తరబడి నిలిచాయి. గొప్ప పనే, కాదనను. కానీ ఆర్సెనిక్ అంటే మన పెద్దవాళ్లు పాషాణం అని భయపడేదే. క్యాన్సర్ తెచ్చే పదార్థం. వానకు కొంచెం కొంచెంగా కారి గుంజ మొదట్లో మట్టిలో చేరుతుంది, ముట్టుకున్న పిల్లల చేతులకు అంటుతుంది. కాలిస్తే ఇంకా ప్రమాదం. కట్టె కాలిపోతుంది గానీ ఆర్సెనిక్ ఎక్కడికీ పోదు, కొంత పొగలో లేచి మిగతాది బూడిదలో చిక్కబడుతుంది. ఆ బూడిదనే మనం గిన్నెలకూ ఆకుకూరలకూ వాడుతున్నాం. అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల అవసరాలకు ఈ కలప తయారీని దాదాపు ఆపేశారు.

మా కట్టెలో ఉన్నది ఆ మందేనని నేను అనడం లేదు. ఆర్సెనిక్ లేని రాగి మందులు కూడా కట్టెకు పచ్చదనమే ఇస్తాయి. పాతబడితే ఆ రంగూ వెలిసిపోతుంది. కంటితో చూసి చెప్పలేం. నా బాధంతా అదే సార్. పాత రైలు స్లీపర్లదీ ఇదే కథ. ఎండకు తారు వాసన కొట్టే ఆ దుంగలకు పట్టించిన క్రియోసోట్ అనే తారు నూనె చర్మాన్ని మండిస్తుంది, దానితోనూ క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. వాటిని కోసి అరుగులకూ గేట్లకూ వాడేవాళ్లున్నారు.

మందు పట్టించిన కలప అమ్మే ప్రతి అడితిలో, అది ఏ మందో, పొయ్యిలో పెట్టకూడదని, తెలుగులో రాసి పెట్టేలా ఆదేశించండి. పాత కలపకు వివరం తెలియకపోతే ఇళ్లకు అమ్మనివ్వకండి. రంపం పట్టే వడ్రంగులకు పొట్టు పీల్చకుండా మాస్కు పెట్టుకోమని చెప్పించండి, రోజంతా దుమ్ములో ఉండేది వాళ్లే. తీసేసిన ముక్కల్ని మున్సిపాలిటీ విడిగా తీసుకోవాలి, చెత్తతో కలిపి తగలబెట్టకూడదు. వాన తగలని ఇంటిలోపలి కలపకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు సరిపోతుంది, దాని గురించి కూడా అడితివాళ్లకు చెప్పించండి.

మేం ఆ మడిలో కూర కోయడం మానేశాం. బూడిద గోనెసంచిలో మూట కట్టి గోడవారన పెట్టాను. దాన్ని ఎవరికి అప్పగించాలో చెప్పే అధికారి ఒకరుంటే చాలు, నేనే తీసుకొచ్చి ఇస్తాను.

ఇట్లు,
రేణిగుంట వాసి, ఒక తండ్రి