శీనూ, కారులో వంగిపోయిన ఆ బ్రాకెట్ సంగతి

ఒరేయ్ శీనూ,

ఫోటో చూశాను. రోళ్లు పగిలే ఎండలో, బెంజి సర్కిల్ దగ్గర అద్దాలెత్తి పెట్టిన కారులో పీఎల్ఏ ప్లాస్టిక్ ముక్క వంగకేం చేస్తుంది? దాన్ని చేసిన త్రీడీ ప్రింటర్‌ని తిట్టకు. 55–60 డిగ్రీలు దాటితే పీఎల్ఏలోని పొడుగాటి అణువుల గొలుసులు కదలడం మొదలెడతాయి. ఎండలో డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులువుగా దాటేస్తుంది. కరిగేది 150 పైన అని నువ్వు ధీమాగా ఉన్నావు, కానీ ఆ లెక్క స్ఫటికాలది, అంటే గొలుసులు వరసగా సర్దుకున్న చోట్లది. నాజిల్ నుంచి వచ్చిన పోగు గబగబా చల్లారిపోతుంది. గొలుసులు సర్దుకునే లోపే బిగుసుకుపోతాయి. నీ బ్రాకెట్‌లో స్ఫటికం దాదాపు లేదు.

గొలుసులు సర్దుకోగలవా లేదా అన్నది అణువు వాటం తేలుస్తుంది. పీఎల్ఏ గొలుసులో ఒక్కో లంకె లాక్టిక్ ఆమ్లం. అది ఎడమచేయి, కుడిచేయిలా రెండు రకాలు: ఎల్, డి. గొలుసంతా ఎల్ అయితే ఒకే వైపు మెలిక తిరిగి, పక్కదాని పక్కన కుదురుగా కూర్చుంటుంది. ఆ స్ఫటికం 170–180 దగ్గర గానీ కరగదు. మధ్యలో కొద్ది శాతం డి దొర్లినా మెలిక చెడుతుంది, కరిగే వేడి దిగుతుంది, స్ఫటికం కట్టడం నెమ్మదిస్తుంది. ఒకే గొలుసులో రెండూ సగం సగం కలగాపులగమైతే ఎంతసేపు కాచినా స్ఫటికం రాదు.

అవే సగం సగాన్ని వేర్వేరు గొలుసులుగా కట్టి కలిపితే చూడాలిరా! నమస్కారంలో కుడి అరచేయీ ఎడమ అరచేయీ కలిసినట్టు ఎదురు మెలికలు ఇంకా దగ్గరగా ఒదుగుతాయి. జపాన్‌లో ఇకాడా, సుజి బృందం 1987లో చూపించింది ఇదే: కరిగే వేడి దాదాపు 230. అయితే గొలుసులు మరీ పొడుగైతే ఎవరి జట్టు వాళ్లే కడతారు, పాత 170 స్ఫటికాలు కూడా వచ్చేస్తాయి.

నీ దగ్గరున్న మామూలు పీఎల్ఏ రీల్‌కి పనికొచ్చేది కాచడమే, అంటే వేడిలో ఉంచి స్ఫటికం కట్టించడమే. ఈసారి ముక్కని లోపల ఖాళీ లేకుండా వందశాతం నింపి ప్రింట్ చెయ్యి. స్టీలు గిన్నెలో పొడి మెత్తటి ఉప్పు పోసి, ముక్క చుట్టూ, కన్నాల్లోనూ గట్టిగా దట్టించు. స్ఫటికం కట్టకముందే 60 దాటి మెత్తబడుతుంది కదా, ఆ కాసేపు ఉప్పే పట్టుకోవాలి. ఓవెన్ 100–110లో ఉంచు, డయల్‌ని నమ్మకుండా థర్మామీటర్ పెట్టు. ఉప్పు నెమ్మదిగా వేడెక్కుతుంది, కాబట్టి లోపలికి ఆ వేడి చేరాక గంట లెక్కపెట్టు. తర్వాత తలుపు తియ్యకుండా అందులోనే చల్లారనీ. తొందరపడి వేడిమీద లాగితే వంకరే.

పొడవు, వెడల్పు కొంచెం తగ్గుతాయి, ఎత్తు కాస్త పెరుగుతుంది. బోల్టు కన్నం సరిపోవాలంటే ముందు చిన్న ముక్క కాచి, ముందూ వెనకా కాలిపర్‌తో కొలిచి, ఆ తేడా డ్రాయింగ్‌లో కలుపు. కొలతలు వచ్చాక నాకు రాయి.

నీ
రాము