చెల్లెలిని ఒంటరిగా అడగండి

సంపాదకులకు,

అయ్యా,

అవయవదాతల అంత్యక్రియలను ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని మా ఒడిశా ప్రభుత్వం 2024లో ప్రకటించినప్పుడు సంతోషించాను. నేను బతికి ఉన్నది దానం వల్లనే. అయితే నాకు కిడ్నీ ఇచ్చింది బతికున్న మనిషి, నా చెల్లెలు.

మాది పర్లాకిమిడి. ముగ్గురు అన్నదమ్ములం, ఒక్కతే ఆడపిల్ల. ఎనిమిదేళ్ళ కిందట నేను వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్న రోజుల్లో ఇంట్లో అందరం కూర్చున్నాం. అన్నయ్య లారీ నడపాలి. తమ్ముడి పిల్లలు చిన్నవాళ్ళు. "దానికి మొగుడా, పిల్లలా" అని అమ్మ చెల్లెలి వైపు చూసింది. అమ్మది చెడ్డ మనసు కాదు, కొడుకు పోతాడేమోనన్న భయం. చెల్లెలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. సరేనందో, తల మాత్రమే ఊపిందో నాకు గుర్తు లేదు. అసలు నేను ఆమె ముఖం చూడలేదు.

అవయవ మార్పిడికి 2014లో చేసిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త పడాలి, ఆమె తన ఇష్టంతోనే ఒప్పుకుందని అవయవం పుచ్చుకునేవారు కాక మరొకరు ధ్రువీకరించాలి. మా విషయంలో ఆ మరొకరు మా అన్నయ్య. తాను రక్తపరీక్షకైనా రాని అన్నయ్య!

1995 నుంచి 2021 వరకు దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో స్త్రీలకు దక్కినవి 6,945. బతికుండగా ఇచ్చేవారిలో మాత్రం ఎక్కువమంది స్త్రీలే. మా వీధిలో ఒక పెద్దాయన పోయినప్పుడు, కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడని ఆయన బంధువులు అడ్డుపడ్డారు. కాలబోయే దేహం మీద అంత బెంగ పడిన మనుషులే నా చెల్లెలి ఆపరేషన్‌కు మంచిరోజు చూసిపెట్టారు.

నా విన్నపం ఇది. స్త్రీ దాత సమ్మతిని ధ్రువీకరించేవారు ఆ కుటుంబంలోని వారు కాకూడదు. ఆమెను విడిగా కూర్చోబెట్టి, ఆమె భాషలో, తొందరపెట్టకుండా అడగాలి. వద్దంటే, "ఈమె దాతగా కుదరదు" అని మాత్రమే డాక్టరు ఇంటివారికి చెప్పాలి, కారణం చెప్పకూడదు. అది దాపరికం కాదా అని కొందరు అడుగుతారు. వద్దన్న ఆడపిల్ల సాయంత్రానికి తిరిగి వెళ్ళవలసింది ఆ ఇంటికే కదా.

నన్ను పరీక్షలకు విశాఖ తీసుకువెళ్ళడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు తోడు వచ్చారు. ఏటా పరీక్ష చేయించుకోమని చెల్లెలికీ డాక్టర్లు చెప్పారు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఎవరమూ తీసుకువెళ్ళలేదు. మొన్న సంక్రాంతికి ఆమెను అడిగాను, అప్పుడు నీకు ఇష్టమేనా అని. కుట్టుమిషను ఆపి, "ఆ మాట అప్పుడు అడిగి ఉంటే బాగుండేది అన్నయ్యా. అడిగినా ఇచ్చేదాన్నే" అంది.

వచ్చే సోమవారం ఇద్దరం కలిసి పరీక్షకు వెళుతున్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా